మూలనున్న కారుకు న్యాయమైన వెల



వాడే వస్తువుకే ఆయుష్షు ఎక్కువ అని మన పెద్దలు చెప్పేవారు. తోడే బావి ఊరుతుంది, తోడని బావికి పాచి పడుతుంది. దున్నే నాగలి కర్రు అద్దమువలె మెరుస్తుంది, అటక మీద పడేసినది ఒక్క వానకాలములోనే తుప్పు పడుతుంది. బండ్ల సంగతి కూడా ఇంతే. రోజూ నడిచే బండికంటె ఏండ్ల తరబడి నిలబెట్టిన బండే త్వరగా చెడిపోతుంది. అయినను అటువంటి బండిని కొనవచ్చునా? కొంటే దేనిని చూచి కొనవలెను? ఎంత ఇవ్వవలెను? ఈ ప్రశ్నలు 2024లో మా ఇంటికి వచ్చినవి. మా అనుభవము మరికొన్ని కుటుంబాలకు పనికివచ్చునని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

మా భూపాలపల్లిలో సింగరేణి గనులు వచ్చిన తరువాత కాలనీలు పెరిగినవి, చేతిలో నెల జీతము ఆడింది. ఆ రోజుల్లో కొందరు కష్టపడి కూడబెట్టి పాత అంబాసిడరునో, ఫియట్‌నో, జీపునో కొనుక్కున్నారు. కొన్నవారు ముసలివారైనారు, కొందరు చనిపోయినారు. పిల్లలు హైదరాబాదులోనో, విదేశాలలోనో స్థిరపడినారు. బండి మాత్రము ఇంటి వెనుక రేకుల షెడ్డులో టార్పాలిన్ కప్పుకొని నిలిచిపోయింది. గణపురం, చిట్యాల, రేగొండ వైపు వెళ్ళినా ఇటువంటి బండ్లు కనబడుతూనే ఉంటవి. సీట్లలో కోడి గ్రుడ్లు పెడుతుంది, బోనెట్ కింద ఎలుక గూడు కట్టుకుంటుంది.

వీటిలో ఎక్కువ అంబాసిడర్లే. ఆ కారు కథ క్లుప్తముగా చెప్పుకుందాము. బి.ఎం. బిర్లా 1942లో హిందుస్తాన్ మోటార్స్ కంపెనీని స్థాపించినారు. ఇంగ్లాండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారు నమూనాతో, 1950ల చివరినుండి, పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారా ఫ్యాక్టరీలో అంబాసిడరును తయారుచేసినారు. పై రూపము పెద్దగా మారకుండానే అది 2014 మే నెల వరకు నడిచింది. తరువాత ఆ పేరును ఫ్రాన్సు దేశపు ప్యూజో కంపెనీ 2017లో 80 కోట్ల రూపాయలకు కొన్నది. మనము ఫియట్ అని పిలిచే పద్మిని కారు బొంబాయిలోని కుర్లాలో తయారైనది. 1974లో దానికి పద్మిని అని పేరు వచ్చింది. అది కూడా ఇప్పుడు తయారగుట లేదు.

పల్లెవారికి అంబాసిడరు అంటే దర్జాతో పాటు అక్కర కూడా. పెండ్లికొడుకును తెచ్చింది అదే. పాము కరిచినవానిని, నొప్పులు పడే ఆడకూతురును అర్ధరాత్రి వరంగల్లు ఎం.జి.ఎం. ఆసుపత్రికి చేర్చింది కూడా చాలాసార్లు అదే. ముందు సీటు బల్లవలె ఒకటే ఉండును, గేరు కర్ర స్టీరింగు పక్కన ఉండును. కావున ముందే ముగ్గురు కూర్చునేవారు. వెనుక ఎందరు ఎక్కేవారో మీకు తెలియనిది కాదు!

పాత బండిని నిలబెట్టుట, మరల లేపుట మన తెలుగువారికి క్రొత్త కాదు. ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ ఒక రోల్స్ రాయిస్ సిల్వర్ గోస్ట్ కారు చేయించమన్నాడు. 1911లో ఆయన చనిపోయినాడు. ఆ పసుపుపచ్చని కారు ఏడవ నిజాము కాలములో ఉత్సవాలకు మాత్రమే బయటికి వచ్చి, తరువాత ఏండ్ల తరబడి ఊరక నిలబడింది. దానిని బాగుచేసి హైదరాబాదులోని చౌమహల్లా ప్యాలెస్‌లో ప్రదర్శనకు ఉంచినారు. 1982లో ఎన్.టి. రామారావు పాత షెవ్రొలే వ్యానునే మార్పించుకొని చైతన్య రథమని పేరు పెట్టి ఊరూరు తిరిగినారు. రాజుకు, నాయకునికి చుట్టూ పనివారు ఉందురు. మనవంటి రైతు కుటుంబము అటువంటి పనికి పూనుకోవలెనంటే ముందు కూర్చుండి లెక్క చూసుకోవలెను.

మా అక్కర ఇది. మా బాపు గనిలో ముప్పై ఏండ్లు పనిచేసి దిగినవాడు. రెండు మోకాళ్ళూ అరిగిపోయినవి. మోటారు సైకిలు మీద కూర్చోలేడు, ఆటోలో గతుకులకు తట్టుకోలేడు. ఈనాటి చిన్న కార్లలోకి ఎక్కవలెనంటే నడుము, మోకాళ్ళు రెండూ వంచవలెను. అంబాసిడరుకు సీటు ఎత్తు, తలుపు వెడల్పు. కుర్చీలో కూర్చున్నట్లే కూర్చోవచ్చు. నెలకొకసారి వరంగల్లుకు చూపించుకొనుటకు కిరాయి కారుకు 2,500 రూపాయలు పోయేవి. ఆదివారము మేమందరము గుడికి పోతే బాపు మంచము మీద కూర్చొని మా రాకకై ఎదురు చూసేవాడు. పత్తి మీద, మిర్చి మీద మిగిల్చిన 2,00,000 రూపాయలు మా చేతిలో ఉన్నవి. అంతకు మించి అప్పు చేయరాదని ఇంటిల్లిపాది ముందే అనుకున్నాము.

ఆ రోజుల్లోనే మాకు తెలిసిన ఒక పెద్దమ్మ ఇంటి వెనుక ఉన్న కారు సంగతి విన్నాము. 1991లో రిజిస్ట్రేషన్ అయిన పెట్రోలు అంబాసిడరు. ఏపీ 36 నంబరు, అనగా పాత వరంగల్ జిల్లా నంబరు. ఆమె భర్త దానిని సొంత బిడ్డవలె చూసుకున్నాడు. కండ్లు సరిగా కనబడక 2017లో నడుపుట మానివేసినాడు, 2019లో చనిపోయినాడు. అప్పటినుండి ఎవరూ తాళము పెట్టలేదు. పాత ఇనుప సామాను కొనే వ్యాపారి రెండుసార్లు వచ్చి, “తూకానికి తీసుకుంట, 22,000 ఇస్త” అని చెప్పి పోయినాడట. ఆ పెద్దమ్మ మాతో, “ఇంకో మూడు వేలు ఎక్కువ ఇయ్యుండ్రి బిడ్డా, తీసుకపోండ్రి. అది అట్ల నిలబడి ఉంటె నాకు పొద్దున లేవంగనే ఆయనే యాదికొస్తడు” అన్నది.

మేము వెంటనే అవుననలేదు, కాదనలేదు. మేస్త్రీని తీసుకొని వస్తామని చెప్పి వచ్చినాము. పరకాల వైపున అంబాసిడర్ల మీదనే చేయి తిరిగిన ఒక ముసలి మేస్త్రీ ఉన్నాడు. ఆయన వచ్చి చూచిన పద్ధతి ప్రతివారు తెలుసుకోదగినది.

ఆయన మొదట ఇంజను జోలికి పోనేలేదు. బండి కిందికి దూరి టార్చిలైటుతో రేకు చూచినాడు. “ఇంజను చెడితె మల్ల కట్టొచ్చు, రేకు మొత్తం తిన్న బండికి బాగు లేదు” అన్నాడు. తలుపుల అడుగు అంచులు, కాళ్ళ కింద నేల రేకు, జాకీ పెట్టే చోట్లు, వెనుక కమాన్లు తగిలించిన కొక్కెములు, ఇవన్నీ స్క్రూడ్రైవరు మొనతో పొడిచి చూచినాడు. డ్రైవరు కాళ్ళ కింద అరచేయంత తుప్పు ఉన్నది. మిగతాది గట్టిగానే ఉన్నది. షెడ్డు ఎత్తు మీద ఉండి, నేల గచ్చు చేసి ఉండుటయే బండిని కాపాడినదని చెప్పినాడు. పచ్చగడ్డి మీద, మట్టి మీద నిలిపిన బండికి కిందినుండి చెమ్మ ఎక్కి రేకు తినివేయును.

తరువాత ఇంజను. సెల్ఫ్ కొట్టి చూద్దామని మా తమ్ముడు తొందరపడితే మేస్త్రీ చేయి పట్టి ఆపినాడు. ఏండ్లపాటు తిరగని ఇంజనులో సిలిండరు గోడలకు నూనె పొర ఉండదు. ఉన్నట్టుండి తిప్పితే రింగులు గోడలను గీరివేయును. ఆయన నాలుగు ప్లగ్గులు విప్పి, ఒక్కొక్క సిలిండరులో కొద్దిగా నూనె పోసి, రాత్రంతా అట్లే ఉంచమన్నాడు. మరునాడు క్రాంకు పుల్లీ నట్టుకు పానా పెట్టి చేతితో మెల్లగా తిప్పినాడు. తిరిగింది! 1489 సి.సి. ఇంజను పట్టుకొనిపోలేదని తెలిసింది. ట్యాంకులో మిగిలిన పెట్రోలు ముదిరి బంకవలె అయినది. బ్రేకుల రబ్బర్లు ఎండి చక్రాలు బిగిసిపోయినవి. టైర్లకు పైన అరుగుదల లేదు గాని పక్కలు పగిలినవి. ఎలుకలు వైర్లు కొరికినవి.

ఇక వెల మాట. ఇక్కడనే మా ఇంటిలో పెద్ద తర్జనభర్జన జరిగింది. మా తమ్ముడు, “ఆమెనే 25,000 అడిగింది కద, మనం ఎక్కువ చెప్పుడెందుకు? బేరం బేరమే” అన్నాడు. అతని మాటలో తప్పు పట్టుటకు లేదు. మాది కూడా చెమటోడ్చిన డబ్బే. పైగా ఆ కారు నడుస్తుందో లేదో అప్పటికి ఎవరికీ నిశ్చయము లేదు. బాపు అంతా విని, “మేస్త్రీ చెప్పింది మనకెరుక, ఆమెకు ఎరుకలేదు. గా ఒక్క ఎరుకతోని ఆమె దగ్గర పైస కొట్టేస్తె, రేపు గా సీట్ల నేను ఎట్ల కూసుంటరా?” అన్నాడు. కొనేటప్పుడు వస్తువును పనికిరానిదని తీసిపారేసి, కొని ఇంటికి పోయిన తరువాత గొప్పగా చెప్పుకొనే మనిషిని గూర్చి సామెతల గ్రంథము ఏనాడో చెప్పి ఉన్నది. మన అంగళ్ళలో పశువు కొన్నా, ఎకరము భూమి కొన్నా ఈ అలవాటు పోలేదు.

కావున మేస్త్రీనే ఆమె ఎదుట కూర్చుండబెట్టి లెక్క చెప్పమన్నాము. నడిచే స్థితిలో కాగితాలతో ఉంటే ఆ బండికి లక్షన్నర దాకా పలుకవచ్చు. బాగుచేయుటకు ఎంత తగ్గించినా 80,000 పైన పట్టును. కాగితాల ఖర్చు వేరు. అన్నీ తీసివేస్తే 60,000 వరకు ఇచ్చినా నష్టము లేదన్నాడు. మేము 60,000 ఇస్తామన్నాము.

అప్పుడు జరిగినది మేము ఎదురుచూడనిది. ఆ పెద్దమ్మ కాసేపు ఆలోచించి, “మల్ల అది నడువకపోతె? మీ పైసలు బూడిదల పోసినట్టె కద. ఇప్పుడు నలభై ఇయ్యుండ్రి. బండి నడిచి, కాయిదాలు మీ పేరు మీదికి అయినంక ఇరవై ఇయ్యుండ్రి. నడువకపోతె వద్దు” అన్నది. చదువు రాని ఆమె మా ఇద్దరి పక్షమునా ఆలోచించి తీర్పు చెప్పింది. ఆ మాటనే స్టాంపు కాగితము మీద వ్రాయించి, ఆమె ఇద్దరు కొడుకుల సంతకాలు కూడా పెట్టించినాము.

కాగితాల గూర్చి కొంత వివరముగా చెప్పవలెను, ఎందుకనగా చాలామంది చిక్కుకొనేది ఇక్కడే. ఆర్.సి. చనిపోయిన మనిషి పేర ఉంటే ఆయన భార్య సంతకముతో బండి నేరుగా కొన్నవారి పేరికి మారదు. మొదట 31వ నంబరు ఫారముతో వారసుల పేరికి మార్చుకోవలెను. దానికి మరణ ధ్రువపత్రము, వారసులెవరో తెలిపే పత్రము, మిగతా వారసుల ఒప్పుదల అవసరము. ఆ తరువాత 29, 30 ఫారములతో కొన్నవారి పేరికి మారును. యజమాని చనిపోయిన 30 రోజులలోనే కుటుంబము రవాణా కార్యాలయమునకు తెలియజేయవలెనని నియమము ఉన్నది. దుఃఖములో ఎవరికీ ఇది గుర్తుండదు. కాని తెలిసినవారు గుర్తుచేయుట మేలు.

రెండవ సంగతి గడువు. 1988 మోటారు వాహనాల చట్టము ప్రకారము సొంత కారుకు మొదటి రిజిస్ట్రేషన్ 15 ఏండ్లు చెల్లును. తరువాత బండి మంచి స్థితిలో ఉన్నదని తనిఖీలో తేలితే ఐదేసి ఏండ్లు పొడిగింతురు. మా కారుకు గడువు 2021లో తీరింది. పొడిగింపు రుసుము 2022 ఏప్రిల్ నుండి కార్లకు 600 రూపాయల నుండి 5,000కు పెరిగింది. 20 ఏండ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో దానిని 10,000 చేసినారు. ఆలస్యమైన ప్రతి నెలకు 500 చొప్పున అదనము కూడా ఉన్నది. అనగా రెండేండ్లు మరచిపోతే 12,000, పదేండ్లు మరచిపోతే 60,000! కారు వెలకంటె దాని బకాయి ఎక్కువగునట్టి బండ్లు కూడా ఉండును. కావున రేకు చూచుటకంటె ముందు ఆర్.సి. మీది తేదీ చూడండి.

కొందరు “పాత కార్లకు వింటేజి అని వేరే రిజిస్ట్రేషన్ ఉన్నదట కదా” అని అడుగుచున్నారు. 2021లో వచ్చిన ఆ నియమము 50 ఏండ్లు దాటిన బండ్లకే. క్రొత్త రిజిస్ట్రేషనుకు 20,000 రూపాయలు. పైగా దానిని ప్రదర్శనలకు, పోటీలకు తప్ప రోజువారీ తిరుగుటకు వాడరాదు. 1991 కారుకు అది వర్తించదు. అట్లే 2023 ఏప్రిల్ 1 నుండి ప్రభుత్వ శాఖల వాహనాలకు 15 ఏండ్లు దాటితే పొడిగింపు లేదు. ఆ నియమము మన సొంత బండ్లకు లేదు. రెండింటిని కలిపి భయపడనక్కర లేదు.

వారసత్వపు మార్పు పూర్తయిన తరువాత కారును డీసీఎం వ్యానులో ఎక్కించి మేస్త్రీ దగ్గరకు పంపినాము. కాగితాలు, బీమా లేని బండిని తాడు కట్టి రోడ్డు మీద ఈడ్చరాదు. ఏదైనా జరిగితే ఎదుటివానికి న్యాయము చేయలేము. పని రెండు నెలలు పట్టింది. కూలితో కలిపి బ్రేకులకు 14,000, నాలుగు టైర్లకు 16,000, రేడియేటరుకు, నీళ్ళ గొట్టాలకు 7,000, ట్యాంకు, పెట్రోలు పంపు, కార్బురేటరుకు 8,000, బ్యాటరీకి 5,000, వైరింగుకు 9,000, టింకరింగు, రంగుకు 27,000, సీట్లకు 8,000 అయినవి. మొత్తము 94,000. రేడియో, క్రొత్త దీపాలు, మెరిసే బంపర్లు వద్దనుకున్నాము. ముందు ఆగే బండి కావలెను, తరువాత నడిచే బండి కావలెను, ఆ తరువాతనే అందమైన బండి.

తనిఖీ అయినది, గడువు పొడిగించినారు, మా పేరికి మారింది. రుసుములకు, బీమాకు 30,000 అయినవి. కారు వెల 60,000 కలుపుకొంటే అంతా 1,84,000. తెలంగాణ 2014 జూన్ 2న ఏర్పడినా మా కారు నంబరు ఏపీ 36గానే ఉన్నది.

మిగిలిన ఇరవై వేలు ఇచ్చుటకు ఆ కారులోనే పెద్దమ్మ ఇంటికి వెళ్ళినాము. ఆమె డబ్బు లెక్క చూడకుండానే కొంగున కట్టుకొన్నది. తరువాత కారు చుట్టూ ఒకసారి తిరిగి, వెనుక ఎడమవైపు తలుపు తెరచి కూర్చున్నది. “నేను ఎప్పుడు గీడనే కూసునేదాన్ని” అన్నది. ముందు సీటులో ఉన్న బాపు వెనుకకు తిరిగి, “అయితె గా జాగ నీదే వదినా, గుడికి పొయేటప్పుడు వస్తం, తయారుగుండు” అన్నాడు. ఇప్పుడు ఆదివారము మేము పది నిమిషాలు ముందుగా బయలుదేరుచున్నాము.

అయితే పాఠకులను మభ్యపెట్టుట మాకు ఇష్టము లేదు. లెక్క ప్రకారము చూస్తే ఆ డబ్బుతో మరికొంచెము క్రొత్తదైన చిన్న కారు వచ్చేది. మా అంబాసిడరు లీటరుకు పది కిలోమీటర్లకు మించి ఇవ్వదు. లీటరు వంద రూపాయలు దాటిన రోజుల్లో అది చిన్న భారము కాదు. 2025 నాటికి బంకుల్లో పెట్రోలుకు 20 శాతము ఇథనాల్ కలుపుట దేశమంతటా వచ్చింది. ఇథనాల్ చెమ్మను పీల్చును, పాత రబ్బరును మెత్తబరచును. కావున పాత కారుకు పెట్రోలు గొట్టాలు, వాషర్లు క్రొత్త రకానివి వేయించి, ట్యాంకులో పెట్రోలు నెలల తరబడి నిలువ ఉంచరాదు. రోజూ ఇరవై, ముప్పై కిలోమీటర్లు పోవలసినవారు ఇటువంటి కారు జోలికి పోకపోవుటే మంచిది. దగ్గరలో నమ్మకమైన మేస్త్రీ లేనివారు, అప్పు చేసి కొనదలచినవారు కూడా ఆగవలెను. ముసలివారి అక్కర ఉండి, వారానికొకటి రెండు ప్రయాణాలు చేసేవారికి ఇది సరిపోవును.

మీ ఇంటిలోనే అటువంటి బండి నిలబడి ఉన్నదా? అయితే ఈ పనులు చేయండి. వారానికొకసారి ఇంజను వేడెక్కేదాకా నడిపి, నాలుగు అడుగులు ముందుకు వెనుకకు కదల్చండి. ఎక్కువ కాలము నిలుపవలసివస్తే బ్యాటరీ తీగ విప్పివేయండి, ట్యాంకు ఖాళీ చేయండి, చక్రాల భారము పడకుండ దిమ్మల మీదికి ఎత్తండి. గాలి ఆడకుండ టార్పాలిన్‌తో చుట్టి కట్టకండి, లోపల చెమ్మ నిలుచును. ఆర్.సి. ఎవరి పేర ఉన్నదో, గడువు ఎప్పటివరకో ఈ రోజే తీసి చూడండి.

అమ్మదలచితే మీకు తెలిసిన లోపము దాచక చెప్పండి. కొనదలచితే మీకు తెలిసిన వెల దాచక చెప్పండి. మన సంఘాలలో ఒంటరి స్త్రీలు, ముసలివారు ఎందరో తమ వస్తువు విలువ తెలియక వచ్చినకాడికి ఇచ్చివేయుచున్నారు. అది కారే కానక్కర లేదు, పాత ఎడ్లబండి కావచ్చు, కుట్టు మిషను కావచ్చు, అరెకరము చెలక కావచ్చు. అటువంటివారు బేరానికి కూర్చున్న నాడు, కొనేవారి తరఫున కాక వారి పక్కన కూర్చుండి లెక్క చెప్పే మనిషి ఒకరు ఉండవలెను. మీ ఊరిలో ఆ పని మీరు చేయగలరేమో ఆలోచించండి.